క్యాసెట్టు మీద ఎవరి పేరు?

మా ఇంట్లో ఒక పాత క్యాసెట్టు ఉంది. దాని స్టిక్కరు మీద జెద్దాలోని ఒక పాటల షాపు పేరు అరబిక్‌లోనూ, వంకర టింకర ఇంగ్లీషు అక్షరాల్లోనూ అచ్చు వేసి ఉంటుంది. ఆ పక్కన బాల్‌పెన్నుతో "ఘంటసాల" అని మా బాపు చేతిరాత. లోపల మాత్రం ముప్పాతిక భాగం బాపు మాటలే. "అవ్వా, నేను మంచిగున్న. ఎండలు మస్తుగున్నయ్. పోరగాండ్లను బడి మాన్పియ్యకుండ్రి..." అంటూ ఇరవై నిమిషాలు సాగి, ఆయన చెప్పేది అయిపోగానే ఠక్కుమని పాట మధ్యలోంచి ఘంటసాల గొంతు లేస్తుంది. చిన్నప్పుడు ఆ చోటు వచ్చేసరికి మేము పిల్లలం నవ్వేవాళ్ళం. మా నాయనమ్మ మాత్రం ఏడ్చేది.

గల్ఫ్ కుటుంబాల్లో పుట్టిన వాళ్ళకి ఈ ఉత్తరాల క్యాసెట్లు కొత్త కాదు. ఫోను చెయ్యాలంటే సగం జీతం పోయే రోజులవి. చదువు రాని వాళ్ళు ఉత్తరం రాయించుకోవాలంటే ఇంకొకరి దగ్గర మనసు విప్పాలి. క్యాసెట్టయితే ఆ ఇబ్బంది లేదు. ఖాళీ క్యాసెట్టు దొరక్కపోతే పాటల క్యాసెట్టు మీదే రికార్డు చేసేవారు. కొన్న క్యాసెట్టు వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు విరగ్గొట్టి ఉంటాయి, అందుకని రికార్డు బటను పడదు. ఆ బొక్కల మీద సెల్లోటేపు అంటిస్తే చాలు, పడుతుంది. ఆర్మూరు పక్క పల్లెలో ఏడో తరగతి చదివిన మా బాపుకి ఈ కిటుకు తెలుసు. ఇంజనీరింగ్ చదివి నేను నేర్చుకున్నవన్నీ ఆ తర్వాతవే.

ఈ సంచిక సంపాదకులు జెద్దా గురించి ఏదైనా రాయమని అడిగినప్పుడు నాకు ముందు ఈ క్యాసెట్టే గుర్తొచ్చింది. ఎందుకంటే దాని మీద ముగ్గురి పేర్లకి తావుంది: షాపువాడిది, ఘంటసాలది, మా బాపుది. అచ్చులో ఉన్నది ఒక్క షాపు పేరే. సంగీత వ్యాపారంలో చట్టపరమైన చిక్కులన్నీ, ఈ మధ్య అందరి నోటా వినిపిస్తున్న "బ్రాండింగ్" అంతా, నాకు అర్థమైనంతవరకు ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి: పాట మీద ఎవరి పేరు ఉండాలి?

జెద్దాలో ఈ ప్రశ్న క్యాసెట్ల కంటే పాతది. స్నౌక్ హుర్‌గ్రోన్యె అనే డచ్చి పండితుడు 1884లో జెద్దా వచ్చాడు. అక్కణ్ణించి మక్కా వెళ్ళి, 1885లో బయటికి పంపబడ్డాడు. ఆయన ఆ తర్వాత కూడా హిజాజ్ ప్రాంతపు పాటల మీద ఆసక్తి వదల్లేదు. ఆయన చొరవతో 1906, 1909 మధ్య జెద్దాలో మైనపు సిలిండర్ల మీద పాటలూ, ఖురాన్ పఠనాలూ రికార్డు చేశారు. అరేబియా ద్వీపకల్పంలో అత్యంత పాత ధ్వనిముద్రణల్లో అవి కొన్ని. ఈనాడు నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. గొంతులు జెద్దావాళ్ళవి, భాష వాళ్ళది, రాగం వాళ్ళది. ఆ సేకరణ మాత్రం లోకానికి పండితుడి పేరుతోనే తెలుసు. ఆయన్ని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు, ఆయన పూనుకోకపోతే ఆ గొంతులే ఉండేవి కావు. అయినా ఇది గుర్తుపెట్టుకోండి, కథలో ఇదే మళ్ళీ మళ్ళీ వస్తుంది.

సరిగ్గా ఆ కాలంలోనే మన దేశంలో ఒక గాయని ఈ చిక్కుని తనదైన పద్ధతిలో దాటింది. 1902లో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ రికార్డు చేసినప్పుడు, గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది. రికార్డులు అచ్చు పోసేది జర్మనీలోని హనోవర్‌లో. అక్కడి పనివాళ్ళకి ఏ పాట ఎవరిదో తెలియాలని ఇలా చెప్పించేవారంటారు. కారణం ఏదైనా, లేబుల్ చిరిగిపోయినా పేరు చెరగదు. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కనుక నా భాషలో చెప్తాను. ఎంపీత్రీ ఫైలుకి పాటగాడి పేరు, రాసినవారి పేరు ఒక మూల అతికించి ఉంటాయి. ఫైలు నాలుగు చేతులు మారేసరికి అవి ఊడిపోతాయి. గౌహర్ జాన్ తన పేరుని ఫైలు లోపలే పెట్టింది.

ఆ మాటకొస్తే మన వాగ్గేయకారులు ఈ పని ఏనాడో చేశారు. త్యాగరాజస్వామి చరణంలో తన పేరు పెట్టుకున్నారు. క్షేత్రయ్యకి "మువ్వగోపాల", అన్నమయ్యకి వేంకటేశ్వరుడి పేరు. దీన్ని ముద్ర అంటాం. ముద్ర తీసేస్తే చరణం కుంటుతుంది, అందుకని దొంగిలించినవాడు కూడా దాన్ని మోసుకు తిరగాల్సిందే! తమాషా ఏమిటంటే అన్నమయ్య తన పేరు కాదు, యజమాని పేరు పెట్టాడు. ఈ విషయం ఎందుకు చెప్పానో కాసేపట్లో తెలుస్తుంది.

ఇక క్యాసెట్ల దగ్గరికి వద్దాం. ఫిలిప్స్ కంపెనీ 1963లో క్యాసెట్టుని మార్కెట్లోకి తెచ్చింది. 1973లో చమురు ధరలు పెరిగాక గల్ఫ్‌లో పనులు పెరిగాయి, మన కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల వాళ్ళు విమానాలు ఎక్కారు. సెలవుకి వచ్చేటప్పుడు భుజాన టూ ఇన్ వన్ లేకుండా దిగినవాడు గల్ఫ్ నుంచి వచ్చినట్టే లెక్క కాదు. మా బాపు 1982లో జెద్దా వెళ్ళాడు, ఏసీ మెకానిక్‌గా. బలద్ అంటే పాత జెద్దా. పగడపు రాతి మేడలు, చెక్క కిటికీలు ఉన్న బజారు. 2014లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఆ చుట్టుపక్కల వీధుల్లో పాటల షాపులుండేవట. అరబిక్, హిందీ, ఇంగ్లీషు క్యాసెట్లు అద్దాల వెనక వరసగా పేర్చి. తెలుగు క్యాసెట్లు దొరికేవి కావు. ఎవరైనా సెలవు నుంచి ఒకటి తెస్తే, షాపువాడు డబుల్ డెక్కులో పెట్టి ఎన్ని కావాలంటే అన్ని కాపీలు తీసిచ్చేవాడు, తన స్టిక్కరు అంటించి మరీ.

అది చాటుమాటు వ్యాపారం కాదు. పట్టపగలు, రసీదుతో సహా జరిగేది. ఎందుకంటే దాన్ని నేరం అనే చట్టమే అప్పటికి అక్కడ లేదు. సౌదీ అరేబియా మొదటి కాపీరైట్ చట్టం రాజశాసనంగా వెలువడింది 1989 చివర్లో, అమల్లోకి వచ్చింది 1990లో. పరాయి దేశాల వాళ్ళ పాటలకి రక్షణ దక్కడం 1994లో సార్వత్రిక కాపీరైట్ ఒప్పందంలో చేరాకే. కాబట్టి మా బాపు "ఘంటసాల" క్యాసెట్టు, జెద్దా చట్టం ప్రకారం, అది తయారైన రోజున దొంగ సరుకు కాదు. నైతికంగా ఏమంటారో మీ ఇష్టం.

సౌదీ ఒక్కటే ఇలా ఉండేదనుకోకండి. 1989లో అమెరికా ప్రభుత్వం మేధో సంపత్తికి సరైన రక్షణ ఇవ్వని దేశాలంటూ ఎనిమిదింటిని నిఘా జాబితాలో పెట్టింది. అందులో సౌదీ ఉంది, దాని పక్కనే మన భారతదేశమూ ఉంది. మన దగ్గర చట్టం లేక కాదు, 1957 నుంచీ ఉంది. క్యాసెట్ల వరద తట్టుకోలేక 1984లో దాన్ని సవరించి, కనీసం ఆరు నెలల జైలు, 50 వేల రూపాయల జరిమానా అన్నారు. ఆ సవరణలోనే ఇంకొక చిన్న సెక్షన్ చేర్చారు, 52ఎ అని. రికార్డు మీదా దాని డబ్బా మీదా కొన్ని వివరాలు తప్పనిసరిగా అచ్చు వెయ్యాలి: తయారుచేసినవారి పేరూ చిరునామా, హక్కుదారు పేరూ చిరునామా, మొదట విడుదలైన సంవత్సరం. నేను ఇది చదివి రెండోసారి మళ్ళీ చదివాను. పాడినవారి పేరు ఆ జాబితాలో లేదు. రాసినవారి పేరూ లేదు, స్వరం కట్టినవారి పేరూ లేదు. అన్నమయ్య లాగే చట్టం కూడా యజమాని పేరు ఉంటే చాలనుకుంది. అన్నమయ్యది భక్తి, చట్టానిది ఏమిటో మరి!

దీని వెనక ఒక తీర్పు ఉంది. 1977లో సుప్రీంకోర్టు, ఐపీఆర్‌ఎస్ అనే రచయితల, స్వరకర్తల సంఘానికీ, సినిమా నిర్మాతల సంఘానికీ మధ్య నడిచిన కేసులో, వేరే ఒప్పందం లేనప్పుడు డబ్బిచ్చి పాట చేయించుకున్న నిర్మాతే దానికి మొదటి హక్కుదారు అని తేల్చింది. ఆ తీర్పుకి జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ విడిగా ఒక మాట జతచేశారు. పాట ప్రాణం పోసుకునేది గాయకుడి గొంతులో, ఆ గాయకుడికి మన చట్టంలో ఏ హక్కూ లేదేమిటని ఆయన బాధ. కోర్టులో కూర్చుని న్యాయమూర్తి అడిగిన ఆ ప్రశ్నకి పార్లమెంటు జవాబు చెప్పడానికి పదిహేడేళ్ళు పట్టింది. 1994 సవరణలో ప్రదర్శకులకి మొదటిసారి హక్కులొచ్చాయి. 2012 సవరణలో రచయితకీ స్వరకర్తకీ రాయల్టీలో వాటా వదులుకోలేని హక్కు అయింది. ప్రదర్శకుణ్ణి ఫలానా అని పేరు పెట్టి చెప్పాలన్న హక్కూ అప్పుడే వచ్చింది. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న పోయారు. ఆయన జీవితకాలమంతా, మన చట్టం లెక్కలో, ఆయన గొంతుకి పేరు లేదు.

కానీ జనం లెక్క వేరు. ఘంటసాల భగవద్గీత ఆయన పోయాక హెచ్‌ఎంవి విడుదల చేస్తే, అది మన ఊళ్ళల్లో ఎవరి పేరుతో తిరిగింది? కంపెనీ పేరుతోనా? ఆ కంపెనీకి ప్రపంచంలోకెల్లా పేరున్న గుర్తు, గ్రామఫోన్ ముందు కూర్చున్న కుక్కపిల్ల ఉంది. దాన్ని ఫ్రాన్సిస్ బరో అనే చిత్రకారుడు గీస్తే 1899లో కంపెనీ కొనుక్కుంది. అంత గొప్ప గుర్తు ఉండీ, మనవాళ్ళు "ఘంటసాల గీత" అన్నారే తప్ప ఇంకో పేరుతో అడగలేదు. బ్రాండంటే అదీ. చట్టం ఇవ్వని చోట శ్రోత ఇచ్చాడు. అయితే శ్రోత ఇచ్చిన పేరుతో ఇల్లు గడవదు, ఇదే దీనిలో విషాదం.

నేను జెద్దా చేరింది 2006లో. అప్పటికి అక్కడి చట్టం పూర్తిగా మారిపోయింది. 2003లో కొత్త కాపీరైట్ చట్టం చేశారు. రెండున్నర లక్షల రియాళ్ళ వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు, షాపు రెండు నెలల వరకు మూత, మళ్ళీ చేస్తే రెట్టింపు. 2004 మార్చిలో బెర్న్ ఒప్పందంలో చేరారు, 2005 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో. కాగితం మీద అంతా బ్రహ్మాండం. వీధిలో మాత్రం నేను చూసింది వేరు. నూటయాభై తెలుగు పాటల ఎంపీత్రీ సీడీ పది రియాళ్ళు. అదే గంపలో పక్కన, నా కంపెనీ లైసెన్సుకి వేల డాలర్లు పోసి కొనే సాఫ్ట్‌వేర్ సీడీ కూడా పది రియాళ్ళే. పాటల సీడీ కొన్నప్పుడు నాకేమీ అనిపించలేదు. సాఫ్ట్‌వేర్ సీడీ చూసినప్పుడు మాత్రం కడుపు మండింది, ఇది నాలాంటివాడు రాత్రిళ్ళు మేలుకుని రాసిన కోడు కదా అని. అదే గంప, అదే పది రియాళ్ళు. నా రంగు నాకే తెలిసొచ్చింది. ఆ సీడీలో ఏ పాటకీ రాసినవారి పేరు లేదు, చాలా పాటలకి పాడినవారి పేరూ లేదు. "ట్రాక్ 47" అని ఉండేది, అంతే.

మన సాంస్కృతిక కార్యక్రమాలు ఆ రోజుల్లో కాంపౌండ్ల లోపలా, బడి హాళ్ళలోనూ గుట్టుగా జరిగేవి. బహిరంగ కచేరీ అన్న మాటే లేదు. వినోదానికని ఒక ప్రభుత్వ సంస్థ 2016లో ఏర్పడింది. 2017 జనవరి 30న జెద్దా స్టేడియంలో మహమ్మద్ అబ్దు పాడినప్పుడు, చాలా ఏళ్ళ తర్వాత జరిగిన కచేరీ అని ఊరంతా చెప్పుకుంది. 2019 జులైలో కొరియా నుంచి సూపర్ జూనియర్ బృందం కూడా వచ్చింది. 2020లో సంగీతానికని ప్రత్యేకంగా ఒక కమిషనే పెట్టారు. పాత స్వరకర్త తారిఖ్ అబ్దుల్ హకీమ్ పేరుతో బలద్‌లో ఇప్పుడు ఒక మ్యూజియం ఉంది. మైనపు సిలిండర్లు చేరిన చోటికీ ఈ భవనానికీ తేడా గమనించారా? ఇక్కడ తలుపు మీద ఉన్నది పాటవాడి పేరు.

అదే 2017 మార్చిలో అమెరికాలో ఉన్న మీకు ఒక పెద్ద కుదుపు తగిలింది, మరిచిపోయి ఉండరు. బాలు గారి యాభై ఏళ్ళ పాటల యాత్ర మీ ఊళ్ళల్లో నడుస్తుండగా, అనుమతి లేకుండా తన పాటలు పాడరాదని ఇళయరాజా గారి తరఫు వకీలు నోటీసు ఇచ్చారు. బాలు గారికీ, చిత్ర గారికీ, చరణ్‌కీ. ఇలాంటి నియమం ఒకటుందని తనకి తెలియదనీ, ఇకపై ఆ పాటలు పాడననీ బాలు గారు ఫేస్‌బుక్‌లో హుందాగా రాశారు. మనలో ఎంతమందిమి ఆరోజు రెండు పార్టీలుగా చీలిపోయి పోట్లాడుకున్నామో! టిక్కెట్టు అమ్ముడయ్యేది బాలు పేరు మీద. స్వరం ఇళయరాజాది. మాటలు చాలావరకు వేటూరి గారివి, ఆయన పేరు ఆ గొడవలో ఒక్కరైనా ఎత్తారా? హక్కు పత్రాలు నిర్మాతల దగ్గరో ఆడియో కంపెనీల దగ్గరో. ఇద్దరు మహానుభావులు 2019 జూన్‌లో మళ్ళీ ఒకే వేదిక ఎక్కారు కనుక మన మనసులు కుదుటపడ్డాయి. మరుసటి ఏడాది సెప్టెంబరు 25న బాలు గారు వెళ్ళిపోయారు. నా అభిప్రాయం అడిగితే, నోటీసు ఇవ్వవలసింది గాయకుడికి కాదు, టిక్కెట్లు అమ్మిన నిర్వాహకుడికి. అమెరికాలో అయితే వేదికలూ నిర్వాహకులే ఆస్కాప్, బీఎంఐ వంటి సంఘాల దగ్గర ప్రదర్శన లైసెన్సు తీసుకోవడం అలవాటు. అడిగే అలవాటు మన సంఘాలకే తక్కువ.

ఈ మాట అంటున్నానని నేనేదో పెద్ద నియమపాలకుణ్ణి అనుకోకండి. మా అనుభవం చెప్తాను. 2022 ఉగాదికి మా అమ్మాయి ఒక అన్నమయ్య కీర్తన పాడింది. తోడు ఒక వయొలిన్, అంతే. వీడియో యూట్యూబులో పెట్టిన గంటలోనే, ఇందులోని సంగీతం మాదంటూ ఒక ఆడియో కంపెనీ పేరుతో క్లెయిము వచ్చింది. ఇలాంటి పాటలు పట్టుకునే యంత్రాన్ని యూట్యూబు 2007 నుంచి నడుపుతోంది. దాని పనితనం ఎలాంటిదో వృత్తిరీత్యా నాకు తెలుసు. అయినా అగ్గి మీద గుగ్గిలమయ్యాను. 1503లో పరమపదించిన మహానుభావుడి కీర్తన వీళ్ళదెలా అవుతుంది? అభ్యంతరం పెట్టాను. అవతలివాళ్ళకి జవాబివ్వడానికి ముప్ఫై రోజుల గడువుంటుంది. వాళ్ళు ఏమీ అనలేదు, క్లెయిము రాలిపోయింది. గెలిచాననుకున్నాను.

తర్వాత మా అమ్మాయి సంగీతం టీచరుగారు ఫోనులో ఒక్క ప్రశ్న అడిగారు. "బాబూ, మాట అన్నమయ్యది. మరి స్వరం ఎవరిది?" నాకు నోట మాట రాలేదు. తిరుమల సంకీర్తన భాండారంలో దొరికిన రాగి రేకుల మీద పన్నెండు వేల పైచిలుకు కీర్తనలున్నాయి. ప్రతిదానికీ రాగం పేరుంది, స్వరం లేదు. ఎలా పాడేవారో ఎవరికీ తెలియదు. ఇవాళ మనం పాడుకునే వరసలు ఇరవయ్యో శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటి పెద్దలు కూర్చుని కట్టినవి. ఆ తర్వాత దేవస్థానం 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టి మరెందరి చేతో కట్టించింది. రాళ్ళపల్లి వారు 1979 మార్చి 11న పోయారు. మన చట్టంలో కర్త పోయిన తర్వాత 60 ఏళ్ళు హక్కు ఉంటుంది, అంటే ఆయన కట్టిన వరసలకి 2039 దాకా. సౌదీ చట్టంలో అయితే 50 ఏళ్ళే. ఆ హక్కు ఎవరి చేతిలో ఉందన్నది వేరే చర్చ. మా అమ్మాయి పాడిన వరస ఎవరు కట్టారో వెతికితే టీచరుగారికి కూడా రూఢిగా తెలియలేదు, వాళ్ళ గురువుగారు అలా నేర్పారు. కంపెనీ క్లెయిము తప్పే కావచ్చు. కానీ వీడియో కింద నేను రాసిందేమిటి? మా అమ్మాయి పేరు, మా సంఘం పేరు, పెద్ద అక్షరాల్లో స్పాన్సర్ల పేర్లు. బలద్ షాపువాడి స్టిక్కరుకీ దీనికీ తేడా ఎక్కడుంది?

ఆ మరుసటి ఏడాదే మార్చిలో "నాటు నాటు"కి ఆస్కారు వచ్చింది. వేదిక మీద కీరవాణి గారి పేరూ, చంద్రబోస్ గారి పేరూ కలిపి చదివారు. స్వరకర్తకీ రచయితకీ ఒకే బహుమతి, ఎందుకంటే ఆ విభాగం నియమమే అది. జెద్దాలో నా పక్క సీటు ఈజిప్టు సహోద్యోగి ఆ పాట వింటూ వచ్చి, "ఇది మీ భాషేనా?" అని అడిగాడు. అవునన్నాను. రాసినాయన ఎవరన్నాడు. చెప్పాను. ఇరవై ఏళ్ళల్లో ఒక అరబ్బు మిత్రుడు నన్ను ఒక తెలుగు పాట రచయిత పేరు అడగడం అదే మొదలు.

ఆ ఏడు మా ఉగాది కార్యక్రమం కాగితం నేనే టైపు చేశాను. ప్రతి పాటకీ పాడే పిల్లల పేరు పక్కన రచన, స్వరం, మొదట పాడినవారు, సినిమా, సంవత్సరం. రెండు పేజీలు కావాల్సింది ఐదు పేజీలయింది. కోశాధికారి ప్రింటింగ్ ఖర్చు చూసి "ఇదంతా ఎవరు చదువుతారన్నా?" అన్నాడు. అందులో నాలుగు జానపదాలకి స్వరం దగ్గర గీత గీసి వదిలేశాను. ఒక సినిమా పాట రచయిత విషయంలో సభలోనే ఇద్దరు పెద్దవాళ్ళు ఆత్రేయ అంటే ఆత్రేయ కాదని వాదించుకున్నారు, మర్నాడు ఒకరు పాత పాటల పుస్తకం ఫోటో తీసి పంపారు. రెండో కూర్పులో సరిదిద్దాను.